స్థలం సంగతి తర్వాత, ముందు నూటికి ఎంత వడ్డీ కడుతున్నారో చూసుకోండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, వయసు 31, చేతికి వచ్చే జీతం 42,000 రూపాయలు, కూర్మన్నపాలెంలో అద్దె ఇల్లు, భార్య, మూడేళ్ల పాప, విజయనగరం జిల్లా పల్లెలో తల్లిదండ్రులు. భోగాపురం దగ్గర ఒక లేఅవుట్‌లో 150 గజాల స్థలం 15 లక్షలకు ఇస్తామంటున్నారు, 2 లక్షలు అడ్వాన్సు, మిగిలిన 13 లక్షలు 60 నెలల వాయిదాలు. చేతిలో ఉన్నది 22,000 మాత్రమే కనుక, ఇంట్లోని ఆరు తులాల బంగారం తాకట్టు పెట్టి అడ్వాన్సు కట్టవచ్చునా అన్నది మీ ప్రశ్న. దానితో పాటు మీ అప్పులు, ఆఫీసు చీటీ, బీమా పాలసీ, నెలవారీ ఖర్చులు ఏదీ దాచకుండా రాశారు. అందువల్లనే నేను ఊహల జోలికి పోకుండా లెక్క వేసి చెప్పగలుగుతున్నాను.

నేను బ్యాంకులో ముప్పై మూడేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. అందులో ఎక్కువ కాలం విశాఖలోని గాజువాక, వన్‌టౌన్ శాఖల్లోనే గడిచింది. నా సమాధానం రెండు ముక్కల్లో చెబుతాను. స్థలం ఇప్పుడు కొనవద్దు. బంగారం మాత్రం తాకట్టు పెట్టండి, కానీ స్థలం కోసం కాదు. ఎందుకో వివరిస్తాను.

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎవరూ వడ్డీని ఏడాదికి ఇంత శాతమని చెప్పుకోరు. నూటికి నెలకు రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు అంటారు. ఇది పాతకాలపు లెక్క అనుకుని మనం పక్కన పెట్టేశాం కానీ, సంపాదించేవాడికి ఇంతకన్నా స్పష్టమైన కొలత నాకు కనబడలేదు. బ్యాంకు ఒకచోట 15 శాతమని, కార్డు కంపెనీ మరొకచోట మూడున్నర శాతమని రాస్తే, మూడున్నరే తక్కువ కదా అని కన్ను మోసపోతుంది. మొదటిది ఏడాదికి, రెండవది నెలకు. కాబట్టి మీ అప్పులన్నిటినీ ఆ పాత లెక్కలోకి మార్చి చూద్దాం.

మీ క్రెడిట్ కార్డు బాకీ 78,000. మీరు పంపిన స్టేట్‌మెంట్ ప్రకారం వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే మూడున్నర రూపాయల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. నెలకు సుమారు 3,200 రూపాయలు. మీ చెల్లెలి పెళ్లికి రెండేళ్ల కిందట ఊళ్లో బంధువు దగ్గర నోటు రాసి తెచ్చిన లక్షకు రెండు రూపాయల వడ్డీ, నెలకు 2,000. బ్యాంకు పర్సనల్ లోను బాకీ 1,60,000కు 15 శాతం, అంటే రూపాయి పావలా వడ్డీ, ఈ నెల లెక్కన మరో 2,000. మొత్తం కలిపితే 7,200 రూపాయలు. అసలు ఒక్క రూపాయి తగ్గకముందే, మీ జీతంలో ఆరో వంతుకు పైగా ప్రతి నెలా వడ్డీకే పోతున్నది. ఊరి నోటు మీద రెండేళ్లలో 48,000 కట్టారు, అసలు లక్ష లక్షగానే ఉంది.

ఇప్పుడు రెండవ వైపు చూడండి. ఏడు శాతం ఇచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటే నూటికి 58 పైసలు. ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం పీపీఎఫ్ 7.1 శాతం, 59 పైసలు. ఆడపిల్లల కోసం 2015లో తెచ్చిన సుకన్య సమృద్ధి 8.2 శాతం, 68 పైసలు. నాలుగు రూపాయల వడ్డీ కడుతూ 68 పైసల వడ్డీకి పొదుపు చేయడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. చాలామంది పొదుపును పుణ్యంగా, అప్పును పాపంగా విడివిడిగా చూస్తారు గానీ రెండూ ఒకే ఖాతా పుస్తకంలోని రెండు పేజీలు. మీ స్థితిలో ఉన్నవారికి దొరికే అతి మంచి పెట్టుబడి కార్డు బాకీ తీర్చడమే. దానికి సాటి వచ్చే లాభాన్ని, అదీ నికరంగా, ఏ పథకమూ ఇవ్వదు.

మీరు రాసిన ఖర్చుల పట్టీ కూడా అదే చెబుతున్నది. అద్దె 9,000, ఈఎంఐ 7,800, చీటీ సగటున 4,300, పాలసీకి నెలకు 3,000 చొప్పున, ఇంటి ఖర్చు 13,000, అమ్మానాన్నలకు 3,000. ఇక్కడికి 40,100 అయింది. మిగిలిన 1,900 నుంచి ఊరి వడ్డీ 2,000, కార్డు కనీస చెల్లింపు దాదాపు 3,900 రావాలి. రావు. నెలకు 4,000 లోటు. ఆ లోటును మళ్లీ కార్డు గీకి పూడుస్తున్నారు. బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా కొన్న సరుకుకు వడ్డీలేని గడువు ఉండదన్న సంగతి చాలామందికి తెలియదు. కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. మీరు ఖర్చు అదుపు లేని మనిషి కాదు, పట్టీలో దుబారా నాకు కనబడలేదు. తప్పంతా అప్పుల వరసలో ఉంది.

బంగారం విషయానికి వస్తాను. ఆ నగలు మీ శ్రీమతి గారివి. పుట్టింటి నుంచి వచ్చినవైనా, మీరు చేయించినవైనా, ఆమె ఒంటి మీద ఉన్నది ఆమెది. కాబట్టి ఈ లెక్కంతా ముందు ఆమె ముందు పెట్టండి, ఆమె సరేనన్న తర్వాతే బ్యాంకుకు వెళ్లండి. కౌంటరు దగ్గర భర్త సంతకాలు పెడుతుంటే పక్కన తలవంచుకుని గాజులు తీసిన ఆడవాళ్లను ఎందరినో చూశాను. ఎందుకు పెడుతున్నామో తెలిసి పెట్టిన ఇల్లాళ్లు విడిపించేదాకా భర్తను నిద్రపోనివ్వరు, అలాంటి ఇళ్ల నగలు వేలం దాకా రావడం అరుదు.

ఆమె ఒప్పుకుంటే 1,78,000 మాత్రమే అప్పు తీసుకోండి. ఆరు తులాలకు అంతకన్నా చాలా ఎక్కువ ఇస్తామంటారు, తీసుకోవద్దు. అది కార్డుకూ, ఊరి నోటుకూ సరిపోతుంది. ప్రభుత్వ రంగ బ్యాంకులో బంగారం మీద వడ్డీ 80 పైసల దరిదాపుల్లో ఉంటుందనుకుంటే నెలకు 1,424 రూపాయలు. ఇప్పుడు ఆ రెండు అప్పులకు కడుతున్న వడ్డీ 5,200. అప్పు మొత్తం ఒక్క రూపాయి కూడా పెరగలేదు, తరగలేదు. వడ్డీ మాత్రం నెలకు 3,800 తగ్గింది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. బంగారం అప్పుకు సాధారణంగా ఏడాది గడువు ఉంటుంది, ఆ వడ్డీ నెలనెలా అడిగేవారు ఉండరు. అడగరు కదా అని వదిలేస్తే ఏడాది చివర ఒక్కసారిగా మీద పడుతుంది. జీతం వచ్చిన మరునాడే వడ్డీ జమ చేసే అలవాటు మొదటి నెల నుంచే పెట్టుకోండి. కార్డును కొంతకాలం బీరువాలో పెట్టి తాళం చెవి శ్రీమతి గారికి ఇవ్వండి.

బీమా పాలసీ గురించి. ఏడాదికి 36,000 కడుతున్నారు, నాలుగేళ్లు నిండాయి, ఇరవై ఏళ్ల గడువు, 7 లక్షల బీమా. రేపు మీకు జరగరానిది జరిగితే వచ్చే 7 లక్షలు మీ పదహారు నెలల జీతానికి సమానం. పాపకు అప్పటికి అయిదేళ్లు కూడా నిండవు. ఇలాంటి పాలసీల్లో చివరికి వచ్చే రాబడి కూడా బ్యాంకు డిపాజిట్‌ను దాటదు. పన్ను మినహాయింపు కోసమని అమ్మారన్నారు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్నే లేనప్పుడు, మీకు ఆ కారణం మిగలలేదు. ముందు టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బు వచ్చే అచ్చమైన ప్రాణ బీమా, తీసుకోండి. సిగరెట్టు అలవాటు లేని మీ వయసు వారికి కోటి రూపాయల రక్షణ నెలకు వెయ్యి రూపాయల లోపున, కొంచెం అటూఇటూగా దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత బీమా మీద జీఎస్టీ కూడా తీసేశారు. ఆ పాలసీ కాగితం చేతికి వచ్చిన తర్వాతే పాతదాన్ని పెయిడప్ చేయించండి. వరస తారుమారు చేయకండి. పెయిడప్ అంటే ఇక ప్రీమియం కట్టరు, కట్టిన నాలుగేళ్ల వంతు బీమా, అంటే 7 లక్షల్లో అయిదో వంతు 1,40,000, అప్పటివరకు జమపడిన బోనసుతో కలిపి గడువు తీరాక వస్తుంది. సరెండర్ చేస్తే, అంటే ఇప్పుడే రద్దు చేసుకుంటే, అంతకన్నా తక్కువ చేతికి వస్తుంది కాబట్టి నేను దానికి మొగ్గు చూపను.

మీకు తెలియకుండానే మీ దగ్గర మరొక బీమా ఉంది. ఈపీఎఫ్ ఖాతా ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణిస్తే, డిపాజిట్‌తో ముడిపడిన బీమా పథకం కింద కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది, దీనికి ఉద్యోగి జీతంలో కోత ఉండదు. కానీ నామినీ పేరు లేక ఆఫీసుల చుట్టూ తిరిగిన భార్యలను చూశాను. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరినవారు అమ్మ పేరు రాసి అక్కడితో మరిచిపోతారు. మీ పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్)తో వెబ్‌సైటు తెరిచి ఇ-నామినేషన్ ఈ ఆదివారమే పూర్తి చేయండి. పరవాడ, అచ్యుతాపురం యూనిట్లలో కంపెనీ మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకోవడం ఒక రివాజుగా మారింది. 2024-25కు 8.25 శాతం వచ్చిన డబ్బు అది, అయిదేళ్ల సర్వీసు లోపు తీస్తే పన్ను కూడా పడుతుంది. బదిలీ చేయించుకోండి, తీయవద్దు. వీటికి తోడు బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి అనే ప్రాణ బీమా, 20 రూపాయల సురక్షా అనే ప్రమాద బీమా ఉన్నాయి. రెండిటికీ సంతకం పెట్టి రండి, ఆలోచించవలసిన పని లేదు.

జీతం 21,000 దాటింది కనుక కార్మికుల వైద్యానికి ఉన్న ప్రభుత్వ బీమా ఈఎస్ఐ మీకు వర్తించదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. అప్పులు సగం తీరగానే కుటుంబానికి సొంతంగా ఒక ఆరోగ్య పాలసీ తీసుకోవడం మీ జాబితాలో మొదట ఉండాలి.

ఇప్పుడు అత్యవసర నిధి. ఈ మాట పుస్తకాల్లో చదివితే చప్పగా ఉంటుంది. నాకు దీన్ని నేర్పింది ఫిషింగ్ హార్బరు నుంచి వన్‌టౌన్ శాఖకు వచ్చే ఒక చేపల వ్యాపారం చేసే అమ్మ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషేధం. ఆమె సంక్రాంతి దాటగానే వారం వారం వచ్చేది. కొంగున ఒక ముడి, నడుముకు కట్టిన గుడ్డ సంచిలో రెండు ముడులు. కొంగున ఉన్నది ఐసుకూ, సరుకుకూ. సంచిలో ఒకటి ఇంటికి. మూడో ముడి విప్పి, ఉప్పు తడికి అంటుకుపోయిన నోట్లను ఒక్కొక్కటే విడదీసి కౌంటరు మీద పెట్టేది. "ఇది నిషేధం డబ్బు బాబూ, మధ్యలో అడిగినా నాకు ఇవ్వకు" అనేది. ఆ రెండు నెలలూ ఆమె ఎవరి దగ్గరా చేబదులు అడిగినట్టు నేను వినలేదు. ఆదాయం ఆగిపోయే రోజులు వస్తాయని ఆమెకు తేదీలతో సహా తెలుసు. ఉద్యోగస్తులమైన మనకు తేదీ తెలియదు, తేడా అంతే.

2014 అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ వచ్చింది. మరునాటి నుంచి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. బ్రాంచిలో లింకు లేక, ఖాతాలో లక్షలు ఉన్నవారికి కూడా పాస్‌బుక్ చూసి కొద్దికొద్దిగా సర్దవలసి వచ్చింది. మా వీధిలో పాల ప్యాకెట్టుకు రెట్టింపు అడిగారు, అదీ రొక్కం ఇస్తేనే. అప్పుడు నా జేబులో ఉన్నది రెండు వందలు. బ్యాంకు ఉద్యోగి ఇంట్లో! అప్పటి నుంచి మా ఇంట్లో పదిహేను రోజుల ఖర్చు రొక్కంగా ఉంటుంది. ఫోనుతో చెల్లించే ఈ రోజుల్లో దీని అవసరం పెరిగింది గానీ తగ్గలేదు.

మీకు లక్ష రూపాయలు లక్ష్యం. అద్దె, ఇల్లు, అమ్మానాన్నలు కలిపి 25,000 కనుక అది నాలుగు నెలల ఖర్చు. పైన చెప్పిన మార్పులతో మీ 4,000 లోటు పోయి నెలకు దాదాపు 3,500 మిగులుతుంది. అందులో వెయ్యి టర్మ్ పాలసీకి పోగా 2,500 రికరింగ్ డిపాజిట్ వేయండి. తొమ్మిది నెలల్లో ఉన్న 22,000తో కలిసి 44,000 దాటుతుంది. లక్ష చేరేదాకా దాన్ని మరి దేనికీ కదపవద్దు.

ఆఫీసు చీటీ లక్ష రూపాయలది, ఇరవై మంది, పదకొండు నెలలు అయ్యాయి, మీరు ఇంకా పాడలేదు. మంచిదే అయింది. చీటీలో తొందరపడి పాడినవాడు అప్పు తీసుకున్నట్టు, చివరిదాకా ఆగినవాడు పొదుపు చేసినట్టు. పాట పాతిక వేలకు పోతే, నిర్వాహకుడి కమీషను 5,000 పోగా 20,000 ఇరవై మందికి పంచుతారు, మీరు అయిదు వేలకు బదులు నాలుగే కడతారు. ఆ పాతిక వేలు వదులుకున్న మనిషి చేతికి 75,000 వస్తుంది. మీరు చివరిదాకా ఆగి 95,000 తీసుకోండి, నేరుగా వెళ్లి బంగారం అప్పులో జమ కట్టండి. ఆ తర్వాత మాత్రం రిజిస్టరు కాని చీటీ జోలికి వెళ్లవద్దు. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరైన చీటీకి నిర్వాహకుడు చీటీ మొత్తానికి సమానంగా రిజిస్ట్రారు దగ్గర హామీ ఉంచాలి. ఆఫీసు చీటీకి నమ్మకం ఒక్కటే హామీ.

చీటీ ముగియగానే, రికరింగ్ డిపాజిట్‌కు వేస్తున్నది కూడా ఇటు మళ్లిస్తే, నెలకు దాదాపు 7,500 బంగారం అప్పుకు కట్టగలరు. మిగిలిన 83,000 పదకొండు, పన్నెండు నెలల్లో తీరుతుంది. పర్సనల్ లోను 7,800 ఈఎంఐతో ఇరవై నాలుగు నెలల్లో దానంతటదే ముగుస్తుంది. అంటే రెండేళ్లకు నగలు ఇంటికి వస్తాయి, అప్పు ఉండదు, నెలకు 15,000 మీ ఇష్టానికి మిగులుతుంది. పాపకు అప్పటికి అయిదేళ్లు. సుకన్య ఖాతా పదేళ్ల లోపు తెరవవచ్చు కాబట్టి ఆలస్యం అవుతుందన్న బెంగ వద్దు. ఆ 15,000లో 5,000 పాప ఖాతాకు వేసి, అంతే మొత్తం నిఫ్టీ ఇండెక్స్ ఫండులో, అంటే నిఫ్టీ సూచీలోని యాభై పెద్ద కంపెనీల షేర్లు కొనే ఫండులో, నెలనెలా పెట్టవచ్చు, అయితే పదేళ్లు తాకననే నిశ్చయం ఉంటేనే. 2020 జనవరిలో 12,000 పైన ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ వారం భయపడి అమ్మినవారికి నష్టం ఖాయమయింది, కదలకుండా ఉన్నవారు ఏడాది తిరిగేలోగా తేరుకున్నారు. అప్పుతో సతమతమవుతున్నవాడు కదలకుండా ఉండలేడు. అందుకే దీన్ని చివర చెబుతున్నాను.

ఇక స్థలం. 13 లక్షలు 60 నెలలకు పంచితే నెలకు 21,667, మీ జీతంలో సగం. ఈ ఒక్క అంకెతోనే ఇప్పటికి చర్చ ముగియాలి. అయినా రెండేళ్ల తర్వాత మళ్లీ ఎవరో వచ్చి విమానాశ్రయం పేరు చెబుతారు కనుక రాస్తున్నాను. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే నెలలో మరోసారి శంకుస్థాపన జరిగింది. ఆ మొదటి శంకుస్థాపనకు ముందే రెండు రూపాయల వడ్డీకి తెచ్చి స్థలాలు కొన్నవారు నాకు తెలుసు. రెండు రూపాయల వడ్డీ యాభై నెలల్లో అసలుకు సమానమవుతుంది. స్థలం ధర పెరగలేదని కాదు, వడ్డీ అంతకన్నా వేగంగా పెరిగింది. పైగా వాయిదాల పద్ధతిలో రిజిస్ట్రేషన్ చివరి వాయిదా తర్వాతే. అయిదేళ్ల పాటు మీ చేతిలో ఉండేది రసీదుల కట్ట. కొనే రోజు వచ్చినప్పుడు విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఆమోదించిన లేఅవుట్ అనుమతి (ఎల్‌పీ) నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు, స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ముప్పై ఏళ్ల ఈసీ అడగండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమేమో సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో చూడండి. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల్లో ఇళ్లు కట్టుకుని కూడా దశాబ్దాలుగా రిజిస్ట్రేషన్ కోసం ఎదురు చూస్తున్నవారి బాధ మన ఊళ్లో తెలియనిది కాదు. ధరకు తోడు రిజిస్ట్రేషన్ ఖర్చు మరో ఏడున్నర శాతం వేసుకోండి.

చివర్లో మీరు ఒక వాక్యంలో రాసిన సంగతికి ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి. మీ సహోద్యోగి వేరేచోట పెద్ద చీటీ పాడుకుంటున్నారని, హామీ సంతకం పెట్టమంటున్నారని, కాదనలేకపోతున్నానని రాశారు. మొహమాటం నాకూ ఉండేది. ఉద్యోగంలో చేరిన ఎనిమిదో ఏట ఒక స్నేహితుడికి అలాగే సంతకం పెట్టాను. అతను బదిలీ మీద వెళ్లాక వాయిదాలు ఆపేశాడు. పద్నాలుగు నెలలు నా జీతంలోంచి కోత పడింది. మా పెద్దవాడి స్కూలు ఫీజుకు నా భార్య గాజులు కుదువ పెట్టవలసి వచ్చింది. హామీదారు అంటే సాక్షి కాదు, అప్పు తీసుకున్నవాడితో సమానంగా కట్టవలసినవాడు. మీ సహోద్యోగికి ఈ మాట చెప్పండి: "నా పేరు మీద ఇప్పటికే మూడు అప్పులు ఉన్నాయి, నా సంతకం ఎవరూ ఒప్పుకోరు." అది నిజం కూడా.

బంగారం అప్పు డబ్బు ఖాతాలో పడిన రోజునే రెండు పనులు పూర్తి చేయండి. కార్డు బాకీ మొత్తం కట్టి, సున్నా అయినట్టు కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఊరికి వెళ్లి బంధువు గారికి లక్షా, ఆ నాటి వరకు వడ్డీ ఇచ్చి, నోటు వెనక చెల్లు రాయించి, తేదీ వేయించి, అసలు నోటు మీతోనే ఇంటికి తెచ్చుకోండి. కష్టకాలంలో ఆదుకున్న మనిషి కాబట్టి వెళ్లేటప్పుడు మీ శ్రీమతి గారిని, పాపను వెంట తీసుకువెళ్లండి.